స్టడీ అవర్

మా రూంలో నలుగురం ఉంటాం. ఇద్దరికి కొరియన్ సీరియళ్ల పిచ్చి. రాత్రి మెస్ నుంచి రాగానే లాప్‌టాప్ తెరుస్తారు. వాటిలో స్కూల్ కథలు ఎక్కువ. యూనిఫాం వేసుకున్న పిల్లలు పొద్దున్నే లేస్తారు, సాయంత్రం దాకా క్లాసులు వింటారు, రాత్రి పది దాకా అవే బల్లల ముందు కూర్చొని చదువుతారు, తర్వాత హాస్టల్‌కి పోయి పడుకుంటారు. "పాపం రా, జైలు లెక్క ఉంది" అంటాడు ఒకడు. "అందుకే శాంసంగ్ వాళ్ల దగ్గర ఉంది, మన దగ్గర లేదు" అంటాడు ఇంకోడు. అందులో అంత జాలిపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎనిమిదేళ్లు నేనూ అట్లనే బతికాను. మాది సియోల్ కాదు, వనపర్తి. తర్వాత నాగర్‌కర్నూల్.

మన కాలేజీలో గురుకులం నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఇదంతా తెలిసిన సంగతే, పేజీ తిప్పేసినా ఏమనుకోను. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం మా చెల్లె. దాని ముచ్చట చివర్లో చెప్తా.

ముందు ఆ కొరియా సంగతి. సీరియల్ చూసి ఊరుకోకుండా కొంచెం వెతికి చదివాను. వాళ్ల రాత్రి చదువును 'యాజా' అంటారు. పూర్తి పేరుకు అర్థం రాత్రిపూట ఎవరికి వాళ్లు ఇష్టంగా చదువుకోవడం. ఆ ఇష్టం పిల్లలకు ఉందా లేదా అన్నది మాత్రం చాలా ఏళ్లు బడే నిర్ణయించింది. ఇది చదివి నవ్వొచ్చింది. మా స్టడీ అవర్ కూడా అచ్చం అంత ఇష్టపూర్వకంగానే జరిగేది.

ఇదంతా నవంబర్‌లో ఒక గురువారం జరిగే పరీక్ష కోసం. పేరు సునుంగ్. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా నడుస్తుంది. ఆ రోజు రోడ్ల మీద రద్దీ ఉండొద్దని ఆఫీసులు, షేర్ మార్కెట్ గంట ఆలస్యంగా తెరుస్తారు. ఇంగ్లిష్ లిజనింగ్ జరిగే 35 నిమిషాలు దేశమంతా విమానాలు ఎగరవు, దిగవు. పిల్లలెవరైనా లేటయితే పోలీసులు బండెక్కించుకొని సెంటర్ దగ్గర దింపుతారు. మన దగ్గర ఇంటర్ పరీక్షలకు ఏళ్ల తరబడి నిమిషం నిబంధన ఉండేది. ఒక్క నిమిషం లేటయితే గేటు బయటే. 2024లో గాని ఐదు నిమిషాల వెసులుబాటు రాలేదు. వాళ్లకు సైరన్ బండి, మనకు గేటు ముందు ఏడుపు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను కొరియా పక్షం.

నేను చేరింది 2014 జూన్‌లో. రాష్ట్రం వచ్చి పట్టుమని నెల కూడా కాలేదు. మా ఊరు గద్వాల దగ్గర, కృష్ణకు తుంగభద్రకు నడుమ ఉండే నడిగడ్డలో. సీటు వచ్చింది వనపర్తి పక్కన. అప్పుడు అంతా ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మా ఊరు, మా బడి ఒకే జిల్లా. ఆ పండుగ నాడే, అక్టోబర్ 11న, కొత్త జిల్లాలు వచ్చాయి. సెలవులు అయిపోయి తిరిగి వచ్చేసరికి నేను పరాయి జిల్లా పిల్లగాణ్ణి. ఏడో తరగతిలో దాని మీద మాలో మాకు పెద్ద పంచాయితీలే నడిచాయి. 'మీ గద్వాల', 'మా వనపర్తి' అని మెస్ లైన్లో కూడా పంచుకున్నాం. మేం బుడ్డలు అంటే వాళ్లు పల్లీలు అనేవాళ్లు, అదొక కొట్లాట.

మొదటి రోజు నాయన ట్రంకు పెట్టె భుజాన పెట్టుకొని వచ్చాడు. పెట్టె మీద తెల్ల పెయింట్‌తో నా పేరు. అందులో రెండు జతల బట్టలు, పళ్లెం, గ్లాసు, దుప్పటి, బకెట్‌లో సబ్బులు, అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, బుడ్డల పొడి. గేటు దగ్గర నాయన ఏమీ అనలేదు. బీడీ తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బస్సుకు టైం అయిందని పోయాడు. ఆ రాత్రి మా హాల్లో అరవై మంది పిల్లలు ఏడ్చి ఉంటారు. ఒకడు మొదలుపెడితే అది వరుసగా అందుకుంటుంది, కుక్కల అరుపు లాగా.

ఇక మా రోజు. పొద్దున ఐదింటికి గంట. గంట అంటే గుడి గంట కాదు, చెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాని మోత చెవిలోకి కాదు, దవడలోకి వస్తుంది. కొరియా హాస్టళ్లలో లేపడానికి మైకులో పాట పెడతారట, మా రూమ్మేట్ ఈ సంగతి చెప్పినప్పుడు నాకు నిజంగా అసూయ పుట్టింది. ఐదున్నరకు గ్రౌండ్‌లో పీటీ. మేం చేరడానికి కొద్ది రోజుల ముందే, మే 25న, నిజామాబాద్ వైపు తాడ్వాయి గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్లు. ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ అనే గురుకులం విద్యార్థి కూడా వెంట ఎక్కాడు. ఆ సంగతి రాష్ట్రమంతా పండగ. మా పీఈటీ సారుకు మాత్రం అది మంచి ఆయుధం. "ఆ పాప ఎవరెస్ట్ ఎక్కింది, నువ్వు దుప్పట్ల నుంచి బయటికి రాలేవా?" అని ఎనిమిదేళ్లలో ఎన్ని వందలసార్లు విన్నానో. పూర్ణను ఎప్పుడైనా కలిస్తే ఈ ఒక్క ఫిర్యాదు చేయాలి.

ఆరున్నరకు పొద్దుటి స్టడీ. తర్వాత నల్లాల దగ్గర బకెట్ల లైను. మనిషి లేకపోయినా బకెట్ లైన్లో నిలబడితే చాలు, అది మా రాజ్యాంగం. టిఫిన్, ప్రేయర్, నాలుగింటి దాకా క్లాసులు, ఉడికిన శనగలో బిస్కెట్లో తిని ఆటలు. ఆరింటికి మళ్లీ గంట. అప్పుడు మొదలయ్యేదే అసలు స్టడీ అవర్. పేరుకు అవర్ గాని రెండు గంటలు. ఎనిమిదికి బువ్వ, మళ్లీ తొమ్మిదిన్నర దాకా చదువు. పది తర్వాత లైట్లు బంద్. పదో తరగతి వాళ్లకు పదకొండు దాకా. ఆదివారం చికెన్. ఆ రోజు లైనులో ఎవడు ఎక్కడ నిలబడాలన్నది శనివారం రాత్రే లెక్కగట్టేవాళ్లం.

స్టడీ అవర్ అంటే నిశ్శబ్దం అనుకునేరు. ఎనభై మంది గొంతు తగ్గించి చదివితే తేనెతుట్టె కింద కూర్చున్నట్టు ఉంటుంది. ఒకడు ఫొటోసింథసిస్, ఒకడు మొగలులు, ఒకడు ఎక్కాలు. నిద్రొస్తే లేచి నిలబడి చదవాలి. నిలబడి నిద్రపోయే విద్య అక్కడే నేర్చుకున్నాను, ఇప్పుడు సిటీ బస్సులో పనికొస్తోంది.

మొదటి రెండు నెలలు ఆ రెండు గంటలు కదలనే కదలవు అనిపించింది. ఆగస్టులో అనుకుంటా, ఒక సాయంత్రం లెక్కలు చేస్తుంటే ఉన్నట్టుండి ఒకటి గమనించాను. చాలాసేపటి నుంచి నన్నెవరూ పిలవలేదు. ఇంట్లో అయితే పుస్తకం తెరిచిన పది నిమిషాలకు "ఒరేయ్" అని వినిపించేది. నీళ్లు తేపో. తాతకు బీడీలు తేపో. బర్రె తాడు తెంపింది చూడు. కిరాణంలో అప్పు రాయించుకొని రాపో. తప్పు ఎవరిదీ కాదు. ఇల్లు అట్లనే నడుస్తుంది, చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణే పిలుస్తారు. పుస్తకం పట్టుకున్న చేతులు వాళ్ల కళ్లకు ఖాళీ చేతులే. గురుకులంలో ఆ రెండు గంటలు నన్ను పిలిచే హక్కు ఎవరికీ లేదు. జైలు అని మా రూమ్మేట్ అనే గోడ బయటివాళ్ల పిలుపును ఆపే గోడ కూడా. కొరియాలో అమ్మానాన్నలు లక్షలు పోసి ట్యూషన్లలో కొనిపెట్టేది ఏదైతే ఉందో, ఒక పిల్లవాడికి సొంతమైన టైం, అది మాకు ఒక రైలుపట్టా ముక్క ఇచ్చింది.

ఇది ఈనాటి ఆలోచన కాదు. నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచింది 1971లో, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. పల్లె పిల్లలను ఒకచోట ఉంచి, తిండి పెట్టి, చదువు ఒక్కటే పని అయ్యేట్టు చూడాలని. హాస్టల్‌తో నడిచే కొరియా సైన్స్ హైస్కూళ్లలో మొదటిది 1983లో వచ్చింది. మా రూంలో ఈ లెక్క చెప్పి ఒకరోజంతా కాలర్ ఎగరేశాను. వాళ్లవి దేశానికి సైంటిస్టులను ఏరుకునే బళ్లు, మనవి పొలం నుంచి పిల్లలను తప్పించే బళ్లు, పోలిక సరిగ్గా కుదరదని మూడోవాడు అన్నాడు. వాడన్నదీ నిజమే.

పొలం నుంచి తప్పించడం అంటే ఏమిటో మా నడిగడ్డ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా దిక్కు సీడ్ పత్తి ఎక్కువ. అంటే దుకాణాల్లో ప్యాకెట్లలో అమ్మే హైబ్రిడ్ విత్తనాన్ని పండించడం. ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. సాయంత్రం ఆడ మొక్క మీద రేపు విచ్చుకునే మొగ్గలను పట్టి, పైపొర ఒలిచి, లోపలి పుప్పొడి కాడలను గీరి తీసేయాలి. గుర్తుకు రంగు కాగితం పెట్టాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెంపుకొచ్చి దానికి రుద్దాలి. ఒక్కొక్క మొగ్గకూ ఇదే పని. దీన్ని క్రాసింగ్ అంటారు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఒక్క రోజు కూడా ఆపడానికి లేదు, ఆపితే ఆ రోజు పువ్వులు పోయినట్టే. కూలీలు దొరకరు. చిన్న వేళ్లయితే మొగ్గ విరగకుండా ఒలుస్తాయని, ఎత్తు తక్కువైతే నడుము నొప్పి రాదని చెప్పి పిల్లలను పెట్టుకుంటారు. బడి రిజిస్టర్‌లో పేరు ఉంటుంది, పిల్ల చేన్లో ఉంటుంది.

గురుకులం పిల్లగాణ్ణి అట్లా తీసుకుపోవడానికి కుదరదు. ఔట్‌పాస్ కావాలి, సంతకం కావాలి, కారణం రాయాలి. 'క్రాసింగ్' అని ఎవరూ రాయలేరు కదా.

2020 మార్చిలో మా పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. మూడు పేపర్లు రాశాక కరోనా వల్ల ఆపేశారు. ట్రంకు పెట్టెతో ఇంటికి పంపారు. జూన్‌లో పరీక్షలే రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఇంటర్ ఎంపీసీ సీటు నాగర్‌కర్నూల్ దగ్గర వచ్చింది గాని, చూడ్డానికి కాలేజీ లేదు. సెప్టెంబర్‌లో టీవీలో, టీ-శాట్‌లో పాఠాలు. సెప్టెంబర్ అంటే క్రాసింగ్ నడి జోరు. ఇంట్లో ఒకటే ఫోన్, అది నాయన జేబులో. నాయన చేన్లో. నేనూ చేన్లో.

ఆ రెండు నెలలు నేను బాగా పనిచేశాను. గర్వంగానే చెప్తున్నా, మా అమ్మకంటే ఎక్కువ మొగ్గలు ఒలిచేవాణ్ణి. రాత్రి ఏడింటికి నాకు నేనే స్టడీ అవర్ పెట్టుకున్నాను. పుస్తకం తెరిస్తే గోళ్ల నిండా పత్తి మొగ్గ పసరు, పేజీ మీద నల్ల మరకలు. మాట్రిక్స్‌లు సగం చూస్తుండగానే అవ్వ ముచ్చట మొదలుపెట్టేది, పక్కింట్లో టీవీ, అంతలో ఎవరో "ఒరేయ్". ఎనిమిదింటికి కళ్లు మూతపడేవి. అదే పిల్లగాణ్ణి, అవే పుస్తకాలు. గోడ లేదు, గంట లేదు, అంతే తేడా. ఆ ఏడాది మాతో పాస్ అయినవాళ్లలో ఇద్దరు మళ్లీ కాలేజీకి రానే లేదు. ఒకడు అమ్మానాన్నలతో పుణెలో బిల్డింగ్ పనికి పోయాడు. వాడికి నాకంటే లెక్కలు బాగా వచ్చేవి. వాళ్ల ఇంటివాళ్లు ఎప్పుడూ వలసలోనే, పీర్ల పండుగకు ఊరికొచ్చి మళ్లీ పోయేవాళ్లు. పేరెంట్స్ వచ్చే ఆదివారాల్లో వాడు మా నాయన తెచ్చిన టిఫిన్ దగ్గరే కూర్చునేవాడు.

2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు. నాగర్‌కర్నూల్ హాస్టల్‌లో మొదటి పొద్దున గంట మోగితే మా హాల్లో చప్పట్లు కొట్టారు. నిజంగా. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన దోస్తు ఒకడు ఈల కూడా వేశాడు. మార్చిలో మళ్లీ మూసేశారనుకోండి, అది వేరే కథ.

ఇట్లా రాస్తుంటే గురుకులానికి ప్రచారం చేస్తున్నట్టు ఉంది. దాని ఖరీదు కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో తాత పోయాడు. కబురు వచ్చి, ఔట్‌పాస్ తీసుకొని, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దాటి ఇల్లు చేరేసరికి మట్టి అయిపోయింది. ఆ రోజు బస్సు కృష్ణ వంతెన మీదికి రాగానే పక్కనున్న పెద్దమనిషి నదిలో వేయమని నా చేతిలో రూపాయి పెట్టాడు. వేశాను. ఏం మొక్కుకోవాలో మాత్రం తెలియలేదు.

నేను గురుకులంలో చేరిన మరుసటేడు మా చెల్లె పుట్టింది. అంటే దానికి ఊహ తెలిసినప్పటి నుంచి నేను సెలవులకు వచ్చే మనిషిని. చిన్నప్పుడు నేను ఇంటికి వస్తే అవ్వ చీర వెనక దాక్కునేది. పక్కింటి పిల్లలతో కొట్లాడినంత చనువుగా నాతో ఎప్పుడూ కొట్లాడలేదు. కొరియన్ సీరియల్‌లో హాస్టల్ పిల్ల ఫోన్‌లో ఏడుస్తూ పలికే మాట ఒకటి ఉంది, 'ఒమ్మా'. సబ్‌టైటిల్ అక్కర్లేకుండా నాకు తెలిసే ఒకే కొరియన్ మాట అది. మా వార్డెన్ సార్ ఫోన్ దగ్గర లైన్ కట్టినప్పుడు అందరం అదే అనేవాళ్లం. రెండు నిమిషాల కాల్‌లో అమ్మతో మాట్లాడేలోపే టైం అయిపోయేది, చెల్లె దాకా ఫోన్ పోయేది కాదు.

ఈ ఏడాది చెల్లె ఐదో తరగతి గురుకులం ఎంట్రెన్స్ రాసింది. సీటొచ్చింది, గద్వాలకు దగ్గర్లోనే. ఇంట్లో వారం రోజులు మాటలు లేవు. అవ్వ ఒకటే మాట మీద ఉంది: "పిల్లగాడు పోయె, ఇంక ఇది కూడ పోతే నేనెవరితోని మాట్లాడాల?" నాయన నోరు విప్పలేదు. ఎకరంన్నర సీడ్ పత్తి, అమ్మకు నడుము నొప్పి. చెల్లె వేళ్లు సన్నగా ఉంటాయి. పోయిన ఏడు సెలవు రోజుల్లో చేన్లోకి వస్తే, "ఈ పిల్లకు చెయ్యి బాగ తిరిగింది" అని పక్క చేనాయన మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నేను ఫోన్ చేసి నాయనతో గోడ గురించి, టైం గురించి చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను, నాయనతో ఎనిమిదేళ్లు రెండు నిమిషాల కాల్స్‌లోనే మాట్లాడటం అలవాటైంది నాకు. ఆయనే అడిగాడు.

"ఆగస్టుల నీకు పరీక్షలేమన్న ఉన్నాయా?"

"లేవు నాయనా."

"శనివారం, ఆదివారం వస్తవా?"

"వస్తా."

"సరే. ఇద్దరు కూలోళ్లను ఎక్కువ పెట్టుకుంటే అయిపాయె" అని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు టీసీ తెచ్చి గురుకులంలో ఇచ్చి వచ్చాడని అమ్మ చెప్పింది.

జూన్ 12న బడి తెరుస్తారు. చెల్లె ఇప్పుడు రోజూ నాకు ఫోన్ చేస్తోంది, ఇంతకుముందు ఎప్పుడూ ఇన్నిసార్లు చేయలేదు. ఆదివారం కూడా ఐదింటికే లేపుతారా? అక్కడ అద్దం ఉంటుందా? బకెట్ పోతే ఏం చేయాలి? రాత్రి భయమైతే లైట్ వేయొచ్చా? నాకు తెలిసినంత చెప్తున్నాను. బకెట్ అడుగున కూడా పేరు రాయించమన్నాను, పక్కన రాస్తే చెరిపేస్తారు. తొక్కు సీసా ట్రంకులో బట్టల నడుమ పెట్టమన్నాను. స్టడీ అవర్‌లో నిద్రొస్తే నిలబడి చదవమన్నాను.

పాత ట్రంకు పెట్టెనే తోమి, నా పేరు మీద నీలం రంగు వేసి, దాని పేరు రాయించారు. నిన్న గద్వాల బజార్లో కొత్త బీగం కొన్నారు. రెండు తాళంచెవులు వచ్చాయి. ఒకటి చెల్లె మెడలో దారానికి, ఇంకోటి నాయన దగ్గర. మూడోది ఒకటి చేయించి తనకివ్వమని అవ్వ పోరుతోంది.